నాగాలాండ్ నాగలోకం కాదు: ఒక సందేశానికి ఖండన

తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం పదే పదే తిరుగుతోంది. పురాణాల్లోని నాగలోకమే నేటి నాగాలాండ్ అని, అర్జునుణ్ణి వరించిన ఉలూపి అక్కడి ఆడపడుచేనని, తలలు నరకడం తప్ప మరేమీ తెలియని ఆ తెగను దొరల కాలంలో మిషనరీలు మతం మార్చి వేరు దేశం ఆలోచనను నూరిపోశారని, దేశంలో మరెక్కడా లేని 371(ఎ) అధికరణం వల్ల మనం అక్కడ గజం స్థలమైనా కొనలేమని, ఆడవాళ్లకు మాత్రం అక్కడ మగవాళ్లతో సరిసమానమైన స్థానం ఉందని దాని సారాంశం. అందులో నిజం బొత్తిగా లేదని అనలేం గాని, ఉన్న కాస్త నిజమూ తలకిందులుగా ఉంది.

ఉలూపి సంగతి ముందు చూద్దాం. ఆదిపర్వంలో తీర్థయాత్ర చేస్తున్న అర్జునుడు గంగాద్వారంలో, అంటే నేటి హరిద్వార్‌లో, స్నానానికి దిగినప్పుడు ఉలూపి అతణ్ణి నీటి అడుగున ఉన్న తన తండ్రి కౌరవ్యుడి ఇంటికి తీసుకుపోతుంది. ఆ ఘట్టంలో నాగాలుండే పట్కాయ్ కొండల ఊసే లేదు. పేరు కలిసినంత మాత్రాన చుట్టరికం కలిపేటట్లయితే, బస్తర్‌లో చక్రకోటను ఏలిన ఛిందక నాగులను కూడా నాగాలాండ్ రాజధాని కోహిమాకు తరలించాల్సి వస్తుంది. పైగా ‘నాగా’ అన్నది ఆ కొండల వాళ్లు తమకు తాము పెట్టుకున్న పేరు కాదు. మైదానాల వాళ్లు, ఇరుగుపొరుగు వాళ్లు పిలిచిన పిలుపు. దానికి దిసమొల వాళ్లని, చెవులు కుట్టించుకున్న వాళ్లని, కేవలం ‘మనుషులు’ అని పండితులు తలోరకంగా అర్థం చెప్పారు. నాగాలు మాట్లాడేవి టిబెటో-బర్మన్ కుటుంబపు భాషలు.

పుట్టుక గురించి వాళ్ల కథలు వాళ్లకున్నాయి. ఆవో తెగవాళ్లు తమ పూర్వీకులు చుంగ్లియిమ్తిలోని ‘లుంగ్‌తెరోక్’ అనే ఆరు రాళ్ల నుంచి వెలువడ్డారని చెబుతారు. దక్షిణాన ఖెజాకెనో గ్రామంలో ఒక బల్లపరుపు రాయి ఉంది. పొద్దున దాని మీద ఒక గంప ధాన్యం ఆరబోస్తే సాయంత్రానికి రెండు గంపలయ్యేదట. ముగ్గురు అన్నదమ్ములు వంతులవారీగా వాడుకుంటూ, ఒకనాడు వంతు దగ్గర తగవుపడ్డారు. బిడ్డలు కొట్టుకు చస్తారన్న భయంతో తల్లిదండ్రులు రాయి చుట్టూ మంట పెట్టారు. రాయి పగిలి, అందులోని మహిమ పొగతో పాటు ఆకాశంలో కలిసిపోయింది. అన్నదమ్ములు తలో దిక్కుకూ వెళ్లి వేర్వేరు తెగలకు మూలపురుషులయ్యారు. సొంత కథ ఇంత చక్కగా ఉన్నవాళ్లకు మన పాముల కథ అంటగట్టవలసిన అవసరం ఏముందో నాకు అర్థం కాదు.

ఆ కథే రెండో పొరపాటునూ దిద్దుతుంది: నాగాలు ఒక్క తెగ కాదు. అంగామీ, ఆవో, లోథా, సుమీ, కొన్యాక్, చాఖెసాంగ్, ఫోమ్ వంటి తెగలు నాగాలాండ్‌లో ఉండగా, మణిపుర్‌లో తాంగ్‌ఖుల్, మావో తదితరులు ఉన్నారు. అరుణాచల్‌లోనూ, సరిహద్దు దాటితే మయన్మార్‌లోనూ నాగాలున్నారు. ఒకరి భాష మరొకరికి అర్థం కాకపోవడం మామూలే గనుక సంతలో అస్సామీ ఆధారంగా ఏర్పడిన నాగమీస్ మాట్లాడుకుంటారు. రాష్ట్ర అధికార భాష ఇంగ్లిష్. పరిపాలనలోనూ పోలిక లేదు. కొన్యాక్‌లకు వంశపారంపర్యంగా వచ్చే ‘ఆంగ్’లు ఉంటే, అంగామీ ఊళ్లు అలాంటి దొరను ఎరగవు. తలలు తెచ్చే ఆచారం ఒకప్పుడు ఉన్నమాట నిజమే. అది ఊరికీ ఊరికీ మధ్య పగతోను, తెచ్చిన తల పంటకూ సంతానానికీ మేలు చేస్తుందన్న నమ్మకంతోను ముడిపడిన ఆచారం, ఇరవయ్యో శతాబ్దంలోనే అంతరించింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారత ఫుట్‌బాల్ జట్టుకు నాయకత్వం వహించిన టి. ఆవో నాగా, వైద్యుడు కూడా. సందేశం రాసినవాళ్లకు ఆయన గుర్తుకు రాలేదు.

మతం విషయంలో కాలక్రమం చూస్తే చాలు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఎడ్వర్డ్ వింటర్ క్లార్క్ 1872లో ఆవోల గ్రామం చేరాడు; అంతకు ముందే అక్కడ బోధించింది గోధులా అనే అస్సామీయుడు. ఆ తర్వాత బ్రిటిష్ పాలన ముప్పావు శతాబ్దం సాగినా, 1951 జనాభా లెక్కల నాటికి నాగా కొండల్లో క్రైస్తవులు సగానికి లోపే, సుమారు 46 శాతం. విదేశీ మిషనరీలు 1950లలో వెళ్లిపోయారు. 1991 నాటికి ఆ సంఖ్య 87 శాతం దాటింది. అంటే ఆ పెరుగుదలలో పెద్ద భాగం దొరలు, వాళ్ల మిషనరీలు పోయాక, నాగా బోధకుల చేతుల మీదుగా జరిగిందన్నమాట. దీని వల్ల పోయినవి లేవని కాదు. యువకులు పాట, పని, యుద్ధం నేర్చుకున్న ఉమ్మడి వసతిగృహాలైన మొరుంగ్‌లు మూతపడ్డాయి, బియ్యపు కల్లు పాపమైంది. ఆ నష్టం గురించి నాగాలే రాశారు, రాస్తున్నారు.

వేరు దేశం ఆలోచన మిషనరీలదన్న మాట కూడా నిలవదు. 1918లో కోహిమాలో ఏర్పడిన నాగా క్లబ్ 1929 జనవరిలో సైమన్ కమిషన్‌కు ఇచ్చిన వినతిపత్రంలో, తమను కొత్త సంస్కరణల్లో కలపవద్దని, పూర్వంలా తమ సంగతి తాము తేల్చుకునేలా వదిలేయమని కోరింది. అప్పటికి నాగాల్లో అత్యధికులు క్రైస్తవులే కారు. దాదాపు అదే కాలంలో బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడిన నాగా నాయకుడు హైపౌ జడోనాంగ్‌ను 1931లో ఉరితీశారు. ఆయన బాటన నడిచిన గైదిన్‌లియు 1932 నుంచి 1947 దాకా జైల్లో గడిపింది. వీళ్లిద్దరూ పూర్వీకుల మతాన్ని నిలబెట్టాలనుకున్నవాళ్లు. ఆ గైదిన్‌లియే తర్వాత వేరు దేశం కోరిన, ఫిజో నాయకత్వంలోని నాగా నేషనల్ కౌన్సిల్‌ను వ్యతిరేకించింది.

371(ఎ) దగ్గర మన తెలుగువాళ్లం ఇంకాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. 1960లో నాగా నాయకులు కేంద్రంతో చేసుకున్న 16 అంశాల ఒప్పందం ఫలితంగా 1962లో 13వ సవరణ ద్వారా ఆ అధికరణం వచ్చింది, 1963 డిసెంబరు 1న నాగాలాండ్ రాష్ట్రమైంది. నాగాల మత, సామాజిక ఆచారాలు, సంప్రదాయ చట్టం, ఆ చట్టం ప్రకారం జరిగే సివిల్, క్రిమినల్ న్యాయ నిర్వహణ, భూమి, దాని వనరుల యాజమాన్యం, బదిలీ అనే నాలుగు విషయాల్లో, రాష్ట్ర శాసనసభ తీర్మానిస్తే తప్ప పార్లమెంటు చట్టం అక్కడ వర్తించదు. బయటివాళ్లు భూమి సంపాదించకుండా చేసిన కట్టడి అంతకు దాదాపు 90 ఏళ్ల పూర్వమే, బయటివాళ్లు అక్కడికి వెళ్లడానికి తీసుకోవలసిన ఇన్నర్ లైన్ పర్మిట్‌కు మూలమైన 1873 రెగ్యులేషన్‌లోనే ఉంది. ఆ గీత గీసింది బ్రిటిష్‌వాళ్లు. ఇక ‘మరెక్కడా లేని’ అన్న మాటకొస్తే, తెలుగు రాష్ట్రాలకు ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికులకు అవకాశాలు కల్పించే 371(డి) ఉంది. పాడేరులోనో ఉట్నూరులోనో గిరిజనేతరుడు భూమి కొనబోతే 1/70 చట్టం అడ్డుపడుతుంది. అది గిరిజనులకు రక్షణ అని మన ఏజెన్సీలో ఒప్పుకుంటూ, కోహిమాలో మాత్రం అన్యాయం అనడం కుదరదు.

భూమి ఊరి చేతుల్లో ఉంటే ఏమవుతుందో ఖొనోమాలో కనిపిస్తుంది. అంగామీల ఈ గ్రామం 1879-80లో బ్రిటిష్ సేనలను నెలల తరబడి నిలువరించింది. అక్కడి పోడు చేలల్లో ఆల్డర్ చెట్లను మొదలంటా కొట్టరు. మనిషి ఎత్తున మొండెం వదిలి పై కొమ్మలే నరుకుతారు. ఏళ్ల తరబడి అలా నరికీ నరికీ మొండెం మీద పిడికిలి బిగించినట్టు బుడిపెలు కడతాయి, వాటి నుంచే మళ్లీ చిగుళ్లు లేస్తాయి. వేళ్లు నేలకు నత్రజనినిస్తాయి. ఇదే ఊరు 1998లో తన అడవిలో వేట మాన్పించి అభయారణ్యం ప్రకటించుకుంది. ఎవరూ బయటి నుంచి వచ్చి చెప్పలేదు.

అయితే అదే 371(ఎ) ఆడవాళ్లకు అడ్డుగోడ అయింది. వాళ్లు సరిసమానులన్న మాటకు ఇదే జవాబు. పిత్రార్జితపు భూమి సంప్రదాయం ప్రకారం కొడుకులకే పోతుంది. గ్రామసభల్లో పెద్దలంటే దాదాపు మగవాళ్లే. రాష్ట్రం ఏర్పడిన 60 ఏళ్లకు, 2023లో గాని హెకానీ జఖాలు, సల్హౌతువోనువో క్రూసే శాసనసభకు ఎన్నికైన మొదటి మహిళలు కాలేదు. పట్టణ స్థానిక సంస్థల్లో మహిళలకు 33 శాతం స్థానాలిస్తే సంప్రదాయ చట్టానికీ, 371(ఎ)కూ భంగమని తెగల సంఘాలు వాదించాయి. మున్సిపాలిటీయే తమ సంప్రదాయంలో లేనప్పుడు అందులో కుర్చీ సంప్రదాయానికి ఎలా విరుద్ధమని మహిళలు అడిగారు. నాగా మదర్స్ అసోసియేషన్ ఈ పోరును సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లింది. 2017లో ఎన్నికలు జరపబోగా దిమాపుర్‌లో కాల్పుల్లో ఇద్దరు యువకులు చనిపోయారు, కోహిమాలో మున్సిపల్ కార్యాలయం తగలబడింది, ముఖ్యమంత్రి టి.ఆర్. జెలియాంగ్ రాజీనామా చేశారు. చివరికి 2023లో శాసనసభ కొత్త మున్సిపల్ చట్టం చేసి మూడో వంతు స్థానాలను మహిళలకు ఉంచింది. 2004 తర్వాత మళ్లీ పట్టణ సంస్థలకు ఓటు పడింది 2024 జూన్ 26న. పిత్రార్జితపు భూమి మాత్రం ఇప్పటికీ కొడుకులకే పోతోంది.