పిల్లర్ నంబర్ 138 గారికి అద్దెకున్నవాడు రాసుకున్న ఉత్తరం

అయ్యా, ఫ్లైఓవర్‌ని నెత్తిన మోస్తూ రోడ్డు మధ్యన నిలబడ్డ పిల్లర్ నంబర్ 138 గారూ,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను, మా ఆవిడ, అమ్మ, మా అమ్మాయి, నలుగురం క్షేమం. మీరూ క్షేమమేనని రోజూ పొద్దున్నే బాల్కనీలోంచి చూసి రూఢి చేసుకుంటున్నాను. మీకేమన్నా అయితే మేం ఎక్కడున్నామో చెప్పే నాథుడు ఈ ఊళ్ళో ఇంకెవరూ లేరు కాబట్టి, మా సొంత మేనమామ ఆరోగ్యం మీద కూడా లేనంత శ్రద్ధ నాకు మీ ఆరోగ్యం మీద ఉంది.

మేం రాజమండ్రి నుంచి హైదరాబాద్ వచ్చి ఏడాది దాటింది. వచ్చేముందు ఓనరు గారు వాట్సాప్‌లో అడ్రసు పంపితే భక్తిగా కాగితం మీద రాసుకున్నాను. అడ్డగీతలు, ఏటవాలు గీతలు, మధ్యలో ఓ బ్రాకెట్, చివర ఒక ఇంగ్లీషు అక్షరం. లెక్కల మాస్టారు బోర్డు మీద వేసి 'సూక్ష్మీకరించుము' అన్నట్టుంది. తర్వాత వాచ్‌మన్ విడమరిచి చెప్పాడు, మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు, ఆ స్థలం అన్నదమ్ములు పంచుకున్నకొద్దీ ఏటవాలు గీతలు పుట్టుకొస్తాయట. అంటే మా నంబరు చదివితే ఇల్లు ఎక్కడుందో తెలియదు గానీ, ఓనరు గారింట్లో ఎన్ని వాటాలు పడ్డాయో మాత్రం బాగా తెలుస్తుంది.

ఆ అడ్రసులో హైదర్‌గూడ అని ఉంది. ఈ ఊళ్ళో హైదర్‌గూడలు రెండున్నాయండీ, ఒకటి బషీర్‌బాగ్ పక్కన, రెండోది మూసీ దాటాక అత్తాపూర్ దగ్గర మీ నీడలో. ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు, సామాను లారీ డ్రైవరుకీ చెప్పలేదు. మేం గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగి, కొత్త ఇంటికొచ్చి, కింద వాటావాళ్ళ స్టవ్ అడిగి తెచ్చుకుని పాలు పొంగించి, ఖాళీ హాల్లో గోడకి ఆనుకుని కూర్చున్నాం. మా బీరువా, గ్రైండరు, అమ్మ పెట్టిన ఆవకాయ జాడీలు మాత్రం అదే సమయానికి బషీర్‌బాగ్ పక్కన హైదర్‌గూడ సందుల్లో ఊరు చూస్తున్నాయి. మాకంటే ముందు హైదరాబాద్ తిరిగింది ఆవకాయే.

పదకొండు గంటలకి డ్రైవర్ ఫోన్ చేశాడు. "సార్, గీ నంబరు ఈడ ఏడా లేదు. గదంతా ఎందుకు గని, పిల్లర్ నంబర్ చెప్పుండ్రి." నాకు అర్థం కాలేదు. అడ్రసు మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఏటవాలు గీతలు కూడా చదివాను. వాచ్‌మన్ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని "వన్ థర్టీ ఎయిట్" అని పెట్టేశాడు. అంతే. మధ్యాహ్నానికి లారీ గుమ్మంలో ఉంది. దారి తప్పిన దూరానికి కూడా డబ్బులు నా దగ్గరే గుంజారు, ఆ కంపెనీ పేరు ఇక్కడెందుకులెండి. మీకూ నాకూ పరిచయం అయింది ఆ రోజే.

రాజమండ్రిలో ఇంత కథ లేదు. దేవీచౌక్‌లో దిగి మా నాన్న పేరు చెబితే సోడా కొట్టాయన "ఆ మాస్టారి తాలూకానా మీరు" అని వీధి మలుపు దాకా వచ్చి చూపించేవాడు, దారిలో మా తాతయ్య గురించి రెండు కబుర్లు కూడా చెప్పేవాడు. ఇక్కడ పక్క ఫ్లాటాయన పేరు నాకు ఆర్నెల్ల తర్వాత తెలిసింది, అదీ ఆయన కొరియర్ మా ఇంటికి వస్తే.

మీ జాతకం కూడా వాకబు చేశాను, ఏమీ అనుకోకండి. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో తెరిచారు. అక్కడికి కార్లు తొందరగా పోవాలని మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు మిమ్మల్నీ మీ తోబుట్టువుల్నీ వరసగా నిలబెట్టి, 2009 అక్టోబరులో మీ నెత్తి మీద రోడ్డు తెరిచారు. ఆ రోడ్డుకి పీవీ నరసింహారావు గారి పేరు పెట్టారు, కింద నిలబడ్డ మీకేమో అంకెలతో సరిపెట్టారు. పైకి బైకులకీ ఆటోలకీ ప్రవేశం లేదు కాబట్టి నా స్కూటీ బతుకంతా మీ కాళ్ళ దగ్గరే. పైన పోయేవాళ్ళకి మీ నంబరే కనపడదు. వాళ్ళు ఎయిర్‌పోర్ట్‌కి పోయి విమానం ఎక్కి ఏ బెంగళూరులోనో దిగేసరికి నేను మీ కింద సిగ్నల్ దగ్గర ఇంకో కాలు మార్చుకుని నిలబడి ఉంటాను.

పదికి పైగా భాషలు తెలిసిన పీవీ గారి పేరున్న రోడ్డు కింద మేం ఒక్క తెలుగుతోనే పడ్డ అవస్థ చెప్పాలి. వచ్చిన మూడో రోజు తెల్లవారుజామున కింద వాటా ఆవిడ మెట్ల మీంచి కేకేసింది, "అమ్మా, నల్లా వచ్చింది, జల్దీ రాండ్రి!" అమ్మ నిద్రలోంచి లేచి, చీపురు తిరగేసి పట్టుకుని, గుమ్మం దగ్గర నన్ను ఆపేసింది. "వెళ్ళకురా, నల్లది ఏదో వచ్చిందంటున్నారు, త్రాచేమో." ఆ త్రాచు ముప్పావుగంటసేపు వచ్చి ఆగిపోయింది. మేం ఒక్క బిందె పట్టుకోలేదు. రాజమండ్రిలో దాన్ని కుళాయి అంటారని ఆ నల్లాకి ఎవరు చెబుతారు? ఆ రోజు, మర్నాడు కూడా ట్యాంకర్ నీళ్ళే గతి, ఎందుకంటే ఈ నల్లా రోజు విడిచి రోజు వస్తుంది.

కిరాణా కొట్లో వేరుశెనగ గుళ్ళు అడిగితే కుర్రాడు అమ్మ మొహంలోకి అలాగే చూసి, లోపలున్న సేటుని పిలిచి, ఇద్దరూ కలిసి ఆలోచించి చివరికి "పల్లీలా?" అన్నారు. మెహిదీపట్నం రైతుబజార్లో గోంగూర ఎదురుగానే ఉంది, అమ్మ వేలు పెట్టి మరీ చూపిస్తోంది, అమ్మేఆవిడ "పుంటికూర అనరాదమ్మా" అంటోంది. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ అని వరసగా వింటుంటే "వీళ్ళకి అన్నీ గడ్డలేనా" అని అమ్మ నా చెవిలో గొణిగింది. ఇప్పుడదే మనిషి రాజమండ్రిలో ఉన్న పిన్నితో ఫోన్లో "ఎల్లిగడ్డ కిలో ఎంతే అక్కడ" అంటోంది. మా అమ్మాయి సంగతి సరేసరి, అన్నం పెట్టనా అంటే "హౌ", పెరుగు వేయనా అంటే "నక్కో". పెరుగన్నం వద్దనడానికి గోదావరి జిల్లా పిల్లకి నోరెలా వచ్చిందో మా ఆవిడకి ఇంకా అంతుబట్టలేదు.

ఊరు చూద్దామని కూడా బయల్దేరామండీ. ఓ సోమవారం సెలవు దొరికిందని జూ పార్కుకి వెళ్ళాం, సోమవారం జూకీ సెలవే. ఇంకోసారి శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళాం, అది శుక్రవారం తెరవరు. "మనం వస్తున్నట్టు వీళ్ళకి ముందే తెలిసిపోతోందిరా" అంది అమ్మ. వచ్చాం కదా అని చార్మినార్ వైపు నడిచి ఇరానీ హోటల్లో కూర్చున్నాం. అమ్మ చాయ్ ఒక గుక్క తాగి, సాసర్ కింద పెట్టి, "ఇది టీయా, కోవా కరగబెట్టి పోశారా" అని, రెండోది తెప్పించుకుంది. ఉస్మానియా బిస్కెట్ ముంచి మాట్లాడుతూ ఉంటే సగం విరిగి కప్పులో పడింది. చెంచా ఇవ్వమని అడగడానికి హిందీ రాక, ఆ ముక్క అడుగుకి చేరేదాకా అలాగే చూస్తూ కూర్చుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో ఆయన అడిగాడు, "పిల్లర్ నంబర్ బోలో." నేను నోరు తెరిచేలోపు వెనక సీట్లోంచి అమ్మ గొంతు ఖంగుమంది. "ఏక్ సౌ అడ్తీస్!" ఏడాదిలో ఆవిడ నేర్చుకున్న హిందీ మొత్తం అంతే. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే, తప్పిపోతే ఏం చెప్పాలో వాచ్‌మన్ భార్య దగ్గర రోజుకి పదిసార్లు వల్లె వేసుకుందట.

మీ గొప్పతనం ఇంతగా ఒప్పుకున్నాక ఫిర్యాదులు కూడా వినాలి మరి.

మొదటిది, మీరు రోడ్డుకి సరిగ్గా నడిమధ్యన నిలబడ్డారు. 'పిల్లర్ 138 దగ్గర' అంటే ఏ పక్క? మెహిదీపట్నం నుంచి వస్తుంటే ఎడమపక్క అని నేను నొక్కి చెబుతాను, టిఫిన్ తెచ్చే కుర్రాడు ఆరాంఘర్ నుంచి వస్తాడు. లొకేషన్ పంపినా సరే, ఆ చుక్క మీ నెత్తి మీదకెక్కి కూర్చుంటుంది. బాల్కనీలోంచి నాకతను కనిపిస్తూ ఉంటాడు, ఇడ్లీ సంచీ కూడా కనిపిస్తుంది. నేను చెయ్యి ఊపుతాను, అతను చెయ్యి ఊపుతాడు, మధ్యలో తమరు. ఇక అతను యూటర్న్ కోసం మీ తమ్ముళ్ళని డజనుమందిని దాటుకుని పోయి, మళ్ళీ డజనుమందిని దాటుకుని రావాలి. వచ్చేసరికి సాంబారు చల్లారి, అతనికి నా మీద, నాకు మీ మీద కోపం.

రెండోది ఇంకా ఘోరం. మొన్న ఎవరో లీడర్ గారి పుట్టినరోజొచ్చింది. రాత్రికి రాత్రి మీ ఒంటికి ఫ్లెక్సీ చుట్టారు, మీ అంకె మీదకి సరిగ్గా ఆయన మీసం వచ్చింది. పోనీ పక్కవాళ్ళని చూసి లెక్క కడదామంటే 137కీ 139కీ కూడా అదే మీసం. నాలుగు రోజులు మా సందుకి అడ్రసు లేదు. స్కూల్ వ్యాన్‌కి కొత్త డ్రైవర్ వచ్చి ముందుకెళ్ళిపోయాడు, గ్యాస్ సిలిండర్ తిరిగి వెళ్ళిపోయింది. ఆఫీసులో పనిచేసే స్నేహితుణ్ణి భోజనానికి పిలిచాను, ఎక్కడాగాలి అంటే "అన్న నవ్వుతున్న పిల్లర్ దగ్గర ఆగు" అన్నాను. "ఏ పిల్లర్ చూసినా అన్న నవ్వుతూనే ఉన్నాడు గదరా" అని ఆరాంఘర్ నుంచి ఫోన్ చేశాడు. పులస తెప్పించానని చెప్పినా వెనక్కి రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఓనరు గారు అద్దె పెంచుతామంటున్నారు. మా ఆవిడ ఆఫీసుకి దగ్గరవుతుందని నాగోల్ వైపు ఇల్లు చూశాం. అక్కడ మెట్రో పిల్లర్లు, 2017 నవంబరులో రైళ్ళు మొదలైన దారి. వాళ్ళ నంబర్లకి ముందు ఇంగ్లీషు అక్షరం కూడా ఉంది, ఇంటిపేరున్న కుటుంబంలా. మీకు మల్లే ఒట్టి అంకె కాదు. ఇల్లు బాగుంది, నల్లా కూడా రోజూ వస్తుందని అక్కడి ఓనరు ఒట్టేసి చెప్పాడు. అంతా కుదిరాక అమ్మ అడ్డం తిరిగింది. "ఏక్ సౌ అడ్తీస్ నోరు తిరగడానికే ఆర్నెల్లు పట్టింది నాకు. మళ్ళీ ఇంగ్లీషు అక్షరం ఒకటా? మీరెళ్ళండి, నేను ఇక్కడే ఉంటాను."

ఆధార్‌లో అడ్రసు మార్పించినప్పుడు కంప్యూటర్ ముందు కుర్రాడు ల్యాండ్‌మార్క్ ఏం రాయమంటారు అంటే మీ పేరే చెప్పాను. అది మళ్ళీ మార్పించాలంటే ఓ పూట సెలవు పెట్టి లైన్లో నిలబడాలి. కాబట్టి ఓనరు గారు అడిగిన పెంపులో సగానికి బేరం ఆడి ఉండిపోతున్నాం. వచ్చే పుట్టినరోజు లోపు ఎవరైనా మీ అంకెని ఇంకో నాలుగడుగులు పైకి, మీసం అందనంత ఎత్తులో రాయిస్తే బాగుంటుంది. ఎవర్ని అడగాలో తెలియక మీకే రాస్తున్నాను.

ఇట్లు,
మెహిదీపట్నం నుంచి వస్తుంటే మీకు ఎడమపక్క, రెండో సందు, ఇస్త్రీ బండి దాటాక నీళ్ళ ట్యాంకర్ ఆగి ఉన్న గేటు, మూడో అంతస్తు. దొరక్కపోతే ఇస్త్రీ బండి దగ్గరే ఆగి ఫోన్ చెయ్యండి, కిందికొస్తాను.