పందొమ్మిదో వరుసలో మా పిన్ని

మా పిన్ని ఇడ్లీ బండి మీద రోజుకు 400 ఇడ్లీలు అమ్ముడుపోయేవి. ఇప్పుడు 150 దాటితే ఆ రోజు పండగే. ఇడ్లీ గట్టిపడలేదు, చట్నీ పలచబడలేదు, ధర పెరగలేదు. వార్డు వాట్సాప్ గ్రూపులోకి ఒక ఎక్సెల్ ఫైలు వచ్చింది, అంతే.

విజయవాడలో ఏ వార్డో చెప్పను. చెబితే నేను ఎవరి మీద కోపంతో ఇది రాస్తున్నానో వాళ్లు చేసిన పనే నేనూ చేసినట్టవుతుంది. గ్రూపు మాత్రం మీకందరికీ తెలిసిన రకమే. కుళాయి నీళ్లు ఎప్పుడు వదులుతారు, చెత్త బండి ఎందుకు రాలేదు, ఫలానా ధ్రువపత్రానికి ఎవరిని కలవాలి. రెండు వందల పైచిలుకు సభ్యులు. ఆ రోజు పొద్దున్నే, ఎవరో పంపిన గులాబీ పువ్వుల శుభోదయానికీ ఇంటి పన్ను గడువు ప్రకటనకూ మధ్య ఆ ఫైలు వచ్చి పడింది. తెరిచాను. 37 వరుసలు. పేరు, వయసు, ఇంటి నంబరు, ఫోను నంబరు, 12 అంకెల ఆధార్, బ్యాంకు ఖాతా నంబరు, చికిత్స మొదలైన తేదీ. చివరి గడికి పైన ‘వ్యాధి రకం’ అని రాసి ఉంది. పందొమ్మిదో వరుసలో మా పిన్ని పేరు. చివరి గడిలో ఊపిరితిత్తుల టీబీ.

పిన్నికి టీబీ అని నాకు అప్పటివరకు తెలియదు. ఆస్తమా అని చెప్పింది. అక్క కొడుకుకే చెప్పకుండా దాచుకున్న మాటను, మా వార్డు మొత్తం నాతో పాటే కాఫీ తాగుతూ చదివింది.

ఆ రోజు మధ్యాహ్నానికి ఫైలు తొలగించారు. అప్పటికి ఎన్ని ఫోన్లలో చేరిందో ఎవరు లెక్కపెడతారు? మర్నాడు పొద్దున నేను బండి దగ్గరే నిలబడ్డాను. ఏళ్ల తరబడి అక్కడే తినే ఆటో ఆయన వచ్చాడు. పిన్ని అలవాటు ప్రకారం ప్లేటులో నాలుగు ఇడ్లీలు పెట్టి, ఆయనకు ఇష్టమని కారప్పొడి కాస్త ఎక్కువ చల్లి అందించింది. ఆయన చెయ్యి చాచాడు. చాచి ఆగిపోయాడు. ‘ఇవాళ ఒక్కపొద్దమ్మా’ అన్నాడు. మంగళవారం కాబట్టి నిజమే కావచ్చు. బుధవారం కూడా రాలేదు. ఆ ప్లేటును పిన్ని కాసేపు చేత్తో పట్టుకునే ఉంది, తర్వాత నాకిచ్చింది. నేను తిన్నాను. ఎవరూ చూడకపోయినా, చూపించడానికన్నట్టు తిన్నాను.

టీబీ గాలి ద్వారా వస్తుంది, ఇడ్లీ ద్వారా రాదు. మందులు సరిగ్గా పనిచేస్తుంటే కొద్ది వారాల్లోనే ఇతరులకు అంటించే స్థితి చాలావరకు పోతుంది. పిన్ని అప్పటికి నాలుగో నెల మందుల్లో ఉంది. ఈ మాటలు గ్రూపులో రాద్దామనుకున్నాను. రాస్తే ఎవరి గురించి రాస్తున్నానో ఇంకోసారి చెప్పినట్టే కదా అని ఆగాను. ఇలాంటి రహస్యం బయటపడితే దాన్ని ఖండించడానికి కూడా వీలుండదు. అబద్ధమైతే అబద్ధమని అరవవచ్చు. నిజాన్ని ఏమని అరుస్తాం?

వార్డు సచివాలయానికి వెళ్లాను. ఎవరినో ఒకరిని నిలదీయాలన్న ఆవేశంతోనే వెళ్లాను. ఆ ఫైలు పంపిన ఏఎన్ఎం, అంటే మా వార్డు ఆరోగ్య కార్యకర్త, నా చెల్లెలి వయసు పిల్ల. నన్ను చూడగానే లేచి నిలబడి ఏడ్చేసింది. ‘సార్, మా సూపర్‌వైజర్ గ్రూపు అనుకుని పంపాను. రెండు గ్రూపులకూ పేరు వార్డు నంబరే’ అంది. ఫోను ఆమె సొంతం. రీచార్జి ఆమె జీతంలోంచే. పదకొండింటికి టెలికాన్ఫరెన్స్. ఆ లోపల ప్రభుత్వం నెలనెలా ఇచ్చే పోషకాహారం డబ్బు ఖాతాలో పడని టీబీ రోగుల జాబితా కావాలని పైనుంచి రెండుసార్లు ఫోను చేశారట. పోర్టల్ తెరుచుకోలేదు. అందుకని తన దగ్గరున్న ఎక్సెల్ పంపింది. అదే ఫోనులో ఆమె కొడుకు ఆటలు ఆడుకుంటాడు, అదే ఫోనులో మన వార్డు గర్భిణుల వివరాలు, బీపీ షుగరు లెక్కలు, పిల్లల టీకాల జాబితాలు. ఇది ఏదో ఒక్క వార్డు సంగతి అనుకుంటున్నారా? మీ వీధి ఆశా కార్యకర్తను మర్యాదగా అడిగి చూడండి.

ఆ పిల్ల మీద కోపం అక్కడే పోయింది. అసలు కోపం అక్కడే మొదలైంది.

ఎందుకంటే ఆ జాబితాకు పేర్లతో పని లేదు. టీబీ చికిత్సలో నమోదైన ప్రతి మనిషికీ నిక్షయ్ అనే ప్రభుత్వ టీబీ పోర్టల్లో ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ‘ఈ సంఖ్యకు రెండు నెలల డబ్బు పడలేదు’ అని రాస్తే చాలు. ఎవరికి ఆ వివరం కావాలో వాళ్లు తమ లాగిన్‌తో తెరిచి చూసుకుంటారు. అది దారి తప్పి గులాబీ పువ్వుల పక్కన పడినా ఎవరికీ ఏమీ అర్థమయ్యేది కాదు. ఒక అంకెతో అయ్యే పనికి మనిషిని మొత్తం విప్పి పంపించారు. ఎందుకంటే అలా పంపితే అడిగినాయనకు సుళువు. పోర్టల్ తెరవనక్కర్లేదు, వేలు కిందికి జరిపితే చాలు.

ఆ పోషకాహారం డబ్బు ఎంతో తెలుసా? 2018లో నెలకు 500తో మొదలైంది, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు. మా పిన్ని దగ్గర ప్లేటు 30. రోజుకు 60 ప్లేట్లు తగ్గాయంటే 1,800 రూపాయలు. నెలకు వెయ్యి ఎందుకు పడలేదో కనుక్కునే ప్రయత్నంలో రోజుకు పద్దెనిమిది వందలు పోగొట్టారు. ఇంత లాభసాటి సేవ ఇంకెక్కడ దొరుకుతుంది?

పై అధికారి దగ్గరికి కూడా వెళ్లాను. మర్యాదస్థుడే. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. ‘వెంటనే తీసేశాం కదండీ’ అన్నాడు. పగిలిన గుడ్డు పెంకులు ఊడ్చేశాం కదా అన్నట్టు. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తానన్నాను. సరే ఇవ్వండి అన్నారు. పిన్ని ఆధార్ జిరాక్సు, చికిత్స కార్డు జిరాక్సు జత చేయమన్నారు. నేను నవ్వాను. గుమాస్తాకు ఎందుకు నవ్వానో అర్థం కాలేదు. ఆయన బల్ల కింద మొన్నటి దరఖాస్తుల కట్ట ఉంది, పై కాగితం మీద ఎవరో అమ్మాయి ఫొటో, ఆధార్ నంబరు. కట్ట మీద సగం తాగిన నీళ్ల సీసా.

మనకు ఇది కొత్త కాదు. 2018లో మన రాష్ట్రంలోనే అన్న సంజీవని అనే చవక మందుల దుకాణాల్లో మందులు కొన్నవాళ్ల పేర్లు, ఫోను నంబర్లు, ఎవరు ఏ మందు కొన్నారన్నది కూడా ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరైనా చూడగలిగేలా ఉండిపోయాయి. పత్రికల్లో వచ్చాక మూశారు. 2020 ఏప్రిల్ గుర్తుందా? మా విజయవాడ కృష్ణలంకలో ఒక లారీ డ్రైవరు పేకాట వల్ల 24 మందికి కరోనా అంటిందని అధికారులే బయటికి చెప్పారు. పేరు చెప్పలేదు. కృష్ణలంక లాంటి చోట పేరు చెప్పాలా? లారీ, పేకాట, వీధి అంటే చాలు, ఆ ఇంటి గుమ్మం దగ్గరికి వేలు దానంతట అదే వెళుతుంది. జాగ్రత్తగా ఉండండి అని చెప్పడానికి ఆ కథ కావాలా? గుంపులుగా కూర్చోవద్దు అంటే సరిపోయేది. రోగుల ఇళ్ల ముందు పోస్టర్లు అంటించే పద్ధతి మీద అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక మాట. వివరాలే తీసుకోవద్దని నేను అనను. అలా అనేవాళ్లు అతిసారం వచ్చిన వీధిలో ఉండి ఎరగరు. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో, ఆనందపేట వైపు కలుషితమైన నీళ్లు తాగి మనుషులు చచ్చిపోయారు. అలాంటప్పుడు ఏ ఇంటివాళ్లు ఆసుపత్రికి వచ్చారు, ఏ రోజు వచ్చారు, ఏ పైపు నీళ్లు తాగారు అన్నది వెంటనే పటం మీద పెట్టగలిగితేనే తేడా ఉన్న పైపు దొరుకుతుంది. ఇంటి నంబరు అడగకుండా ఆ పని జరగదు. టీబీ కూడా అంతే. 2012 నుంచి టీబీ కేసును ప్రైవేటు డాక్టరయినా ప్రభుత్వానికి తెలియజేసి తీరాలి. ఇంట్లో పిల్లలకు అంటిందేమో చూడాలంటే ఆ ఇల్లు తెలియాలి. మా పిన్ని మనవరాలికి పరీక్ష చేయించింది కూడా ఆ ఏడ్చిన పిల్లే. అడగడం తప్పు కాదు. అడిగినది ఎక్కడ పెడతారు, ఎవరికి చూపిస్తారు, పని అయ్యాక ఏం చేస్తారు అన్నదాని దగ్గరే మా తగాదా.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. ఆరోగ్య వివరాలతో సహా వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. ఆధార్ నంబరును బహిరంగపరచకూడదని ఆధార్ చట్టంలోనే ఉంది. హెచ్ఐవీ ఉన్నవారి వివరాలు కాపాడాలని 2017లో ప్రత్యేక చట్టం చేశారు, కాపాడే ఏర్పాట్లు ఉండాలని అందులో రాశారు. అంటే ఒక జబ్బుకు సాధ్యమని ఒప్పుకున్నారు. టీబీకి ఎందుకు సాధ్యం కాదు? టీబీకి సిగ్గు తక్కువనా?

ఇక 2023 ఆగస్టులో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి మాత్రం ఇంకో 18 నెలలు గడువు ఇచ్చుకున్నారు. ప్రభుత్వం రాయితీయో సేవో ఇవ్వడానికి అయితే కొన్ని షరతులతో మన సమ్మతి విడిగా అడగనక్కర్లేదు. సరే, అది అర్థం చేసుకోవచ్చు. వివరాలను సరిగ్గా కాపాడని వాళ్లకు 250 కోట్ల దాకా జరిమానా ఉంది. వినడానికి ఎంత బాగుందో! ఆ జరిమానా భారత సంచిత నిధికి, అంటే కేంద్ర ఖజానాకు వెళుతుంది. మా పిన్నికి అందులోంచి ఒక్క ఇడ్లీ ఖరీదు రాదు. అదే చట్టంలో పనికిమాలిన ఫిర్యాదు చేశారని తేలితే పౌరుడికి 10,000 రూపాయల దాకా జరిమానా వేయవచ్చని కూడా ఉంది. అది చదివాక పిన్ని ‘వద్దులేరా’ అంది.

ఇంకో వింత. ఇదే చట్టంతో సమాచార హక్కు చట్టాన్ని కూడా సవరించారు. ప్రజాప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారమైనా ఇవ్వవచ్చన్న మాట ఆ నిబంధనలోంచి ఎగిరిపోయింది. ఇకనుంచి ఫలానా అధికారి గురించి ఏదడిగినా ‘వ్యక్తిగత సమాచారం, ఇవ్వలేము’ అనడం తేలిక. గోప్యత అన్నది వాళ్లకు గొడుగయింది, పిన్నికి చిల్లుల జల్లెడ అయింది.

నాకు పెద్ద కోరికలు లేవు. కోట్లు ఖర్చుపెట్టి సర్వర్లు కొనమనడం లేదు. రోగుల వివరాలు ఉండే ఫోను ఆఫీసు కొనివ్వాలి, సాయంత్రం అది ఆఫీసులోనే ఉండాలి. వాట్సాప్‌లో పేరు, జబ్బు ఒకే వరుసలో వెళ్లకూడదని కమిషనర్ స్థాయిలో ఒక పేజీ ఉత్తర్వు రావాలి. ఆ ఉత్తర్వు కింది ఉద్యోగికి కాదు, జాబితా అడిగేవాళ్లకు వర్తించాలి. టెలికాన్ఫరెన్స్‌లో ‘పేర్లతో పంపండి’ అన్న అధికారికి ముందు నోటీసు ఇవ్వండి, ఏఎన్ఎంకు తర్వాత చూద్దాం. పొరపాటు జరిగితే ఆ 37 ఇళ్లకూ ఎవరో ఒకరు నడిచి వెళ్లి, ‘మీ వివరాలు బయటికి వెళ్లాయి, తప్పు మాది, ఈ ఖాతా జాగ్రత్తగా చూసుకోండి’ అని చెప్పాలి. మా పిన్నికి ఇప్పటివరకు ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాల్సి వచ్చింది. చెప్పినప్పుడు ఆమె పప్పు రుబ్బుతోంది. గ్రైండరు ఆపలేదు. ‘ఖాతా నంబరు కూడా ఉందా?’ అని మాత్రం అడిగింది.

చివరగా నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా పెద్దమనిషి కబుర్లలా ఉంటుంది. ఆ పొద్దున పందొమ్మిదో వరుస దగ్గర ఫైలు మూసేయాల్సింది. మూయలేదు. మిగతా 36 వరుసలూ చదివాను. ముప్ఫై ఒకటో వరుసలో నాకు తెలిసిన కుర్రాడున్నాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు, సాయంత్రాలు మా వీధి చివర షటిల్ ఆడతాడు. నిన్న కూడా ఎదురుపడి ‘బాగున్నారా అన్నా’ అన్నాడు. బాగున్నానన్నాను. వాడు ఆడుతున్నంతసేపూ దగ్గుతున్నాడేమోనని వింటూ నిలబడ్డాను.