సవరణ: ఫైర్ కమాండర్లు ఆలోచించరని కాదు

అనుభవజ్ఞులు నిర్ణయాలు ఎలా తీసుకుంటారో పరిశోధించిన అమెరికన్ సైకాలజిస్టు గ్యారీ క్లైన్ మీద మొన్న నేను రాసిన పోస్టులో "అనుభవజ్ఞులు ఆప్షన్లు పోల్చుకోరు" అన్న వాక్యం చూసి చాలామంది గుడ్డిగా మనసు మాట వినమని అనుకున్నారు, అది కాదండీ. 1980ల్లో అమెరికాలో క్లైన్ బృందం మాట్లాడిన ఫైర్ కమాండర్లు (మంటలార్పే బృందాలను నడిపించే అధికారులు) తట్టిన మొదటి ఉపాయాన్ని తలలోనే నడిపించి చూసేవాళ్ళు, ఇటునుంచి నీళ్ళు కొడితే మంట ఎటు తిరుగుతుంది, పైకప్పు ఆగుతుందా అని, తేడా కొడితే దాన్నే సరిచేసుకుని, అస్సలు కుదరకపోతేనే ఇంకోటి చూసేవాళ్ళు.

కోరమంగళ నుంచి ఒకరు, ఏళ్ళ తరబడి షేర్లు కొంటున్న మా మామయ్య అంచనా కూడా ఇలాంటిదేనా అని అడిగారు. కాదు. 2009లో క్లైన్, మరో సైకాలజిస్టు డేనియల్ కానెమన్ కలిసి రాసిన వ్యాసం ప్రకారం అనుభవజ్ఞుల అంచనాను నమ్మాలంటే పరిస్థితుల్లో ఒక క్రమం ఉండాలి, చేసింది ఒప్పో తప్పో తెలుసుకుని నేర్చుకునే వీలూ ఉండాలి, షేర్ల ఎంపికలో ఆ క్రమమే దొరకదు.