బరువెంతో కాదు, ఎక్కడ పడుతోందో చూడండి

కళ్లజోడులా పెట్టుకునే కంప్యూటర్‌ల మీద వచ్చిన ఓ వ్యాసంలో, బరువు తగ్గిస్తే చాలు, హాయిగా ఉంటుందని రాశారు. అది సగమే నిజమండీ. 2019లో వచ్చిన, మైక్రోసాఫ్ట్ వాళ్ల తలకి తొడుక్కునే కంప్యూటర్ హోలోలెన్స్ 2 బరువు 566 గ్రాములు, మొదటిదాని కంటే 13 గ్రాములే తక్కువ. అయినా తలకి సుఖంగా ఉందంటే ముఖ్యంగా బ్యాటరీతో సహా బరువుని వెనక్కి సర్దబట్టే. సొంతంగా తయారుచేసేవాళ్లూ బ్యాటరీని చెవి వెనకే పెట్టాలి. ఒక్క కాడకే తగిలిస్తే జోడు పక్కకి ఒరిగి, ముక్కు ఒకవైపే ఒత్తుకుపోతుంది.

మైకులు రెండు పెడతారు, మంచిదే. కానీ వాటి మధ్య దూరం 2 సెంటీమీటర్లైతే శబ్దం చేరడంలో తేడా 58 మైక్రోసెకన్లు మించదు. 16 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 16 వేల సార్లు శబ్దాన్ని కొలుస్తూ రికార్డు చేస్తే, అది ఒక్క శాంపిల్ (ఒక కొలత) వ్యవధి కూడా కాదు. కాబట్టి శాంపిళ్లు లెక్కపెట్టి జరిపే సాదా పద్ధతిలో నోటి మాటని రోడ్డు రొద నుంచి సరిగ్గా విడదీయలేం. ఆ పద్ధతే వాడితే 48 కిలోహెర్ట్జ్‌లో తీసుకుని, విడదీశాక 16కి దించండి. మైకు రంధ్రానికి పల్చటి స్పాంజి తప్పనిసరి, లేకపోతే బండి మీద గాలి హోరు తప్ప ఏమీ వినపడదు.

కంప్యూటర్‌కి పని చెప్పే సైగల విషయంలో చెయ్యి గాల్లో ఎత్తి ఉంచే పద్ధతి వద్దే వద్దు, రెండు నిమిషాల్లో భుజం లాగేస్తుంది. మణికట్టుకి కదలికని పసిగట్టే సెన్సర్ కట్టడం మేలు. అయితే గాజులు సర్దుకున్నా అది సైగ అనుకుంటుంది. అందుకే మణికట్టుని అర సెకనులో రెండుసార్లు తిప్పితేనే పలికేలా పెట్టండి.