ముందు పేరు అడుగుదాం

సెలవుల్లో గ్రాండ్ కాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ చూసొచ్చిన మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎర్రకొండల మధ్య అమెరికా ఆదివాసులైన నావహోల మగ్గాల ఫొటోలు కనిపిస్తుంటాయి. కొండ పేరు రాస్తారు, మగ్గం ముందున్న మనిషి పేరు రాయరు. నేనూ ఓసారి అడక్కుండా ఫోన్ ఎత్తాను. ఆవిడ పని ఆపేసి మొహం పక్కకు తిప్పుకుంది. ఆ ఫొటో తీసేశాను గానీ, ఆ బాధ పోలేదు.

మర్నాడు ఇంకో ఊళ్లో ఫోన్ జేబులోనే ఉంచి ఒకావిడ పక్కన కూర్చున్నాను. నిలువు మగ్గం, పేకను అటూఇటూ నడిపే నాడె లేదు. పడుగు మధ్య పలక దూర్చి, పేకను వేళ్లతోనే నడిపి, చెక్క దువ్వెనతో టకటకా దిగ్గొడుతోంది. ఎరుపు, నలుపు కలిసే చోట ఒక్క పోగు తప్పిందని నాలుగు వరుసలు విప్పేసింది. బొచ్చు కత్తిరించడం, ఏకడం, కదురు మీద వడకడం అంతకుముందే అయ్యాయి. గొంగళ్లు నేసే కురుమల వాడలో పెరిగినదాన్ని, ఆ ఉన్ని వాసనకి ఇల్లు గుర్తొచ్చింది.

1904 ప్రాంతంలో ఎడ్వర్డ్ కర్టిస్ తీసిన ప్రసిద్ధమైన ఫొటోకి శీర్షిక ‘దుప్పటి నేసే మనిషి, నావహో’ అనే. ఆమె ఎవరో అందులో లేదు. ఈ జనాన్ని 1864లో సైన్యం వందల మైళ్లు నడిపించి తరలించింది. 1868 ఒప్పందంతో సొంత నేలకు తిరిగొచ్చారు. 1930లలో మేతభూములు పాడవుతున్నాయంటూ ప్రభుత్వం వాళ్ల గొర్రెల్ని భారీగా తగ్గించేసింది. వాళ్ల ఉన్నికి ఆధారమైన చుర్రో జాతి ఆ తర్వాత దాదాపు కనుమరుగైంది. ఇంత జరిగాక కూడా మగ్గం వదలని మనిషిని మనం ‘లోకల్ లేడీ’ అని రాయడం నాకు తప్పుగా తోస్తోంది.

నమూనాను దగ్గరగా తీసి నెట్‌లో పెట్టడం ఇంకా పెద్ద తప్పు. జిఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉన్నా పోచంపల్లి ఇక్కత్‌కి బట్ట మీద అచ్చేసిన నకిలీలు ఎలా పుడతాయో మనకు తెలుసు. ఆదివాసులు చెయ్యనిదాన్ని వాళ్లు చేసిందని చెప్పి అమ్మడం ఇక్కడ అమెరికాలో 1990 చట్టం ప్రకారం నేరమే. కానీ ఆ పేరు వాడకుండా నమూనా మాత్రం ఎత్తుకుపోయేవాళ్లని అది ఆపదు.

అందుకే మన పత్రిక సంపాదకవర్గానికి ఒక విన్నపం. యాత్రా ఫొటోలు అచ్చేసే ముందు, అడిగి తీశారా, పేరు వెయ్యమన్నారా వద్దన్నారా అని పంపినవారిని తప్పక అడగండి.

నేను పేరడిగితే ఆ రెండో ఊరి ఆవిడ పేరుతో ఆగలేదు. తల్లి వంశం, ఆ తర్వాత తండ్రి వంశం చెప్పి, మీదేమిటని నన్నడిగింది. ఇంటిపేరు, గోత్రం చెప్పాను. ఫొటో సంగతి ఎత్తితే కాసేపు ఆలోచించి, చేతుల వరకే తీసుకోమంది. చేతులే తీసుకున్నాను.