తొట్టి పట్టాల్సింది పెరట్లో కాదప్పా, సందులో!

వేడినీళ్లలో కూర్చునే ఫైబర్‌గ్లాస్ స్పా తొట్టి నెత్తిన పెట్టుకుని మినీ లారీ మా వీధి మొగదల్లో నిలబడి ఉంది. డ్రైవరు టీ తాగుతా వెయిటింగ్ చార్జీ లెక్కేసుకుంటున్నాడు. నాకేమో బీపీ లేస్తోంది.

షాపాయన వచ్చి కొలవలేదని అనను, కొలిచాడు. ఏం కొలిచాడు? పెరడు! "సూపర్‌గా సరిపోతుంది మేడం" అని టేపు చుట్టేసుకుని పోయాడు. పెరట్లోకి అది ఎట్లా వస్తుంది, ఎగిరొస్తుందా? ఫైబర్‌గ్లాస్ తొట్టి అచ్చులోంచి తీసిన ఒకే ముక్క. విప్పి తెచ్చి లోపల బిగించుకోవడానికి అదేమన్నా పందిరి మంచమా? ఆరడుగుల చదరం, మూడడుగుల ఎత్తు. పక్కకు నిలబెట్టి తెచ్చినా మూడడుగుల పైన ఖాళీ కావాల. మా సందు కాగితాల మీద నాలుగడుగులు, నేల మీద రెండున్నర. మిగతాది యాడికి పోయిందో చెప్తా, ఆగండి.

షోరూంలో వీళ్లు చెప్పేవి వినాల. రంగురంగుల లైట్లంట, బ్లూటూత్ పాటలంట, నీళ్లు చిమ్మే జెట్లు ఇన్నంట. నీళ్లు నింపితే బరువెంత నాయనా అంటే దిక్కులు చూస్తాడు. వెయ్యి లీటర్లంటే టన్ను, మనుషులు కూర్చుంటే ఇంకా పైన. "కడప బండలు పరిచినారు కదా మేడం, చాలు" అంట. కడపలో పుట్టిన దానికి కడప బండల గురించి పాఠం! మట్టి మీద పరిచిన బండ కింద కాస్త బోలుంటే పటుక్కుమంటుంది. లెవెల్‌గా కాంక్రీటు పోయించాలని నేనే చెప్పి పోయించుకున్నా.

చవక రకం తొట్టి అడుగున అరచేత్తో నొక్కి చూశా. లోపలికి పోయి, చెయ్యి తీయంగానే టక్కుమని పైకొచ్చింది. పైన జెల్‌కోట్ పూత మాత్రం అద్దంలా మెరుస్తోంది. ఆ మెరుపు చూసే కదా జనాలు కొనేది! నేను మందం ఉన్నదే తీసుకున్నా, డబ్బు ఎక్కువైనా సరే.

కరెంటు సంగతి అడిగితే "పెద్దగా ఏం కాదు మేడం". వెయ్యి లీటర్లు 10 డిగ్రీలు వేడెక్కాలంటేనే దాదాపు 12 యూనిట్లు కాలుతుంది. మంచి మూత లేకుంటే ఆ వేడంతా ఆకాశానికే. మూత ధర మాత్రం వేరే! కరెంటు లీకైతే టక్కున ఆపేసే స్విచ్చు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, పెట్టాలని ఎలక్ట్రీషియన్ చెప్తే తెలిసింది, అమ్మినోడు నోరెత్తలేదు. మా బోరు నీళ్లకు గీజర్ కాయిలే తెల్లగా పెచ్చు కట్టేస్తుంది, ఇంక దీని హీటరు గతి ఏంది? ఆ మాటా నేనే ఎత్తాల్సొచ్చింది.

మధ్యలో మా చుట్టాలొకరు. కడప ఎండలకు వేడినీళ్ల తొట్టి ఎందుకక్కా, అని ఇకిలింపు. ఎండాకాలం హీటరు ఆపేసుకుంటాం తమ్ముడూ, దానికి స్విచ్చుంటుంది. చలికాలం పొద్దున మా అమ్మ మోకాళ్లు పట్టుకుని మంచం దిగేది నువ్వొచ్చి చూసినావా ఎప్పుడన్నా?

సరే, సందు సంగతి. పక్కింటి పెద్దాయన మొదట మెట్లు కట్టాడు. తర్వాత బండి ఎక్కడానికి ర్యాంపు. ఆ తర్వాత మెట్ల పక్కన తులసి కోట, దాన్ని ఎవరూ ముట్టుకోరని బాగా తెలుసు. కింద ఉన్నది మురికి కాలువ. 2001లో బుగ్గవంక పొంగి ఊరు ఎట్లా మునిగిందో ప్రతి వానాకాలం పిల్లల్ని కూర్చోబెట్టి చెప్తాడు. యాడ కూర్చుని? కాలువ మీద కట్టిన ఆ మెట్ల మీదే! అడిగితే "అందరూ కట్టుకున్నారు కదమ్మా". కంప్లైంట్ ఇస్తే ఒకాయన వచ్చి చూసి, ఆయనింట్లో కాఫీ తాగి పోయాడు.

తొట్టి పోతే పోయింది. మా నాయన పోయినప్పుడు ఫ్రీజర్ బాక్సు ఆ సందులో పట్టలేదు. తన చేతుల్తో కట్టుకున్న ఇంట్లోకి మనిషిని తీసుకుపోలేక వీధిలో షామియానా వేసి పడుకోబెట్టినాం. అప్పుడు ఇదే పెద్దాయన కుర్చీ వేసుకుని అదే ర్యాంపు మీద కూర్చుని "మంచి మనిషి" అని కళ్లు తుడుచుకున్నాడు. ఆ రోజు నోరు మూసుకున్నా, చావింటి ముందు గొడవెందుకని.

ఇప్పుడు క్రేను పిలిపించా, మిద్దె మీదుగా పెరట్లోకి దింపడానికి. అది తెలిసి కబురు పంపాడు, తన గోడకు గీత పడినా ఊరుకోడంట. ముందు నా ఒకటిన్నర అడుగు నాకిమ్మనండి, గోడ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.