అవగాహన సదస్సుకు సుస్వాగతం

గిరిజనులకు వైద్యం అందకపోవడానికి అసలు కారణమేమిటో ఈ దేశంలో ఎప్పుడో తేలిపోయింది: వారికి అవగాహన లేదు. రోడ్డు లేదనీ, డాక్టరు లేడనీ, సిగ్నల్ లేదనీ గొణిగేవారు విషయం లోతుల్లోకి వెళ్లనివారు. గర్భిణిని డోలీలో మోసుకొస్తున్న ఫొటో పత్రికలో పడిన మర్నాడు వెలువడే ప్రకటన ఏదైనా చదవండి, ‘గిరిజనుల్లో అవగాహన పెంచాల్సిన అవసరం ఎంతైనా ఉంది’ అన్న వాక్యం అందులో ఉండి తీరుతుంది. రోడ్డుకైతే అటవీ అనుమతి తేవాలి, టెండరు పిలవాలి, గుత్తేదారు సగంలో వదిలేసి పోకుండా కాపలా కాయాలి. అవగాహనకు ఒక ఫ్లెక్సీ, ఒక మైకు, నాలుగు బిస్కెట్ ప్యాకెట్లు చాలు.

శ్రీకాకుళం వైపు కొండల్లో అటువంటి సదస్సొకదానికి హాజరయ్యే భాగ్యం నాకూ కలిగింది. సవర తెగ గిరిజనుల ఊరు కొండ మీద ఉంది, కార్లు కొండ కిందివరకే పోతాయి కనుక ఊరే దిగివచ్చింది. పది గంటల సభ ఒంటిగంటకు మొదలైంది. జ్యోతి ప్రజ్వలనకు గాలి సహకరించకపోవడంతో ముగ్గురు ఉద్యోగులు ఫైళ్లు అడ్డుపెట్టి వత్తిని కాపాడారు. ఆ ఫైళ్లు ప్రజలకు అంత నేరుగా ఉపయోగపడటం నేను చూడటం అదే మొదటిసారి. ఆ తరువాత సంస్థాగత ప్రసవాల ఆవశ్యకత, రక్తహీనత నివారణోపాయాలు, సమతుల పోషకాహారం అనే అంశాలపై నలభై నిమిషాల ఉపన్యాసం సాగింది. ఆ తెలుగు నాకే సగం అర్థం కాలేదు. సవర తప్ప మరో మాట రాని ముసలమ్మలు మాత్రం ముందు వరుసలో కూర్చుని, వెనకవాళ్లు చప్పట్లు కొట్టినప్పుడల్లా తామూ కొట్టారు.

సందేహాలుంటే అడగమన్నారు. ఒక పెద్దాయన లేచి సవరలో ఏదో అడిగాడు. వేదిక మీదివారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఆశ కార్యకర్త తెలుగులో చెప్పింది: ‘108 బండి ఎక్కడిదాకా వస్తుందని అడుగుతున్నాడండీ.’ చాలా మంచి ప్రశ్న అని మెచ్చుకుని, వందన సమర్పణకు వెళ్లిపోయారు.

హాజరు వేలిముద్రతో తీసుకున్నారు. సిగ్నల్ కోసం ఒక కుర్రాడు ట్యాబు పట్టుకుని బండరాయి ఎక్కాడు, అతని వెనకే ఊరంతా ఎక్కింది. జీడిపిక్కల రసానికీ, గొడ్డలి పిడికీ గీతలరిగిపోయిన ఒక ముసలామె బొటనవేలిని గుడ్డతో తుడిచారు, నీళ్లతో కడిగారు, తలకు రాసి మళ్లీ నొక్కించారు. అయిదోసారి కూడా సరిపోలలేదనే వచ్చింది. అంటే రికార్డు ప్రకారం ఆమె సదస్సుకు రాలేదు. రాలేదు కనుక ఆమెకు అవగాహన లేదు. రేషన్ బియ్యం దగ్గర ఆమెకు ఎదురయ్యేదీ ఇదే తర్కం.

ఆగస్టు 29న మనం గిడుగు రామమూర్తి పంతులుగారికి దండలు వేస్తాం. ఆయన సవర నేర్చుకున్నారు, ఆ భాషలో పాఠపుస్తకాలు రాశారు, 1938లో సవర-ఇంగ్లిషు నిఘంటువు తెచ్చారు. ఆయన దగ్గర మనం వ్యావహారిక తెలుగు పుచ్చుకుని సవరను కొండ మీదే వదిలేశాం. ‘ఎక్కడ నొప్పి?’ అని రోగి భాషలో అడగగల డాక్టరు ఇవాళ దొరికితే ఆయనకూ ఒక దండ వేయవచ్చు.

నిబంధనలకు లోటు లేదు. మైదానంలో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమైతే, కొండ ప్రాంతాల్లో 20,000 మందికే ఒకటి ఉండాలి. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ అనే కేంద్ర పథకంలో 75 ఆదిమ తెగలకు 24,104 కోట్ల రూపాయలు, 9 మంత్రిత్వ శాఖలు, 11 అంశాలు ఉన్నాయి. ఢిల్లీ నుంచి ఇంత దూరం వచ్చిన పథకానికి ఆఖరి నాలుగు కిలోమీటర్లే బరువైపోతాయి.

ఆ నాలుగు కిలోమీటర్లూ ఒక వెదురు బొంగు, ఒక దుప్పటి, నలుగురు మగవాళ్లు. నొప్పులు వస్తే ఆసుపత్రికి పోవాలని తెలియనివాళ్లయితే అర్ధరాత్రి, వానలో, జారుడు రాళ్ల మీద ఆ పిల్లను ఎందుకు మోస్తారు? ఎక్కడ భుజం మార్చుకోవాలో, ఏ గెడ్డ పొంగితే ఎంతసేపు ఆగాలో, ఎంత రక్తం పోయాక మనిషి పలకడం మానేస్తుందో వాళ్లకు తెలుసు. తెలియనిది మనకు. దారిలోనే కాన్పయి బిడ్డ పోతే, ఆ చావు ముందు కూర్చుని ‘అవగాహన లోపం’ అని రాసే చేతికి సిగ్గుండాలి! ఆ చేతి వేలిముద్ర మాత్రం ప్రతి నెలా జీతానికి చక్కగా పడుతుంది.

సభ ముగిశాక ఊరివాళ్లు ఫ్లెక్సీ అడిగి తీసుకున్నారు. దాని మీద నవ్వుతున్న తల్లీబిడ్డల బొమ్మ ఉంది. గట్టి సరుకేనని ఆ పెద్దాయన రెండు చేతులతో లాగి చూసుకున్నాడు. వానాకాలంలో డోలీ మీద కప్పడానికి పనికొస్తుందట.